సముద్రం రంగు చదివే ఊళ్లో చెరువు రంగు చదవలేరా?

ఎండాకాలంలో ఉప్పల్, నాచారం వైపు చెరువు నీళ్లు పచ్చబడటం మనకు కొత్తేమీ కాదు. పాచి పట్టిందిలే అనుకుని బర్రెలను అదే నీటికి తోలుతున్నాం. మూసీ వెంట పీర్జాదిగూడ నుంచి ఎదులాబాద్ దాకా గడ్డీ, వరీ పండుతున్నది కూడా పట్నం మురుగు కలిసిన నీటితోనే. మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకు ఎరువు. కాబట్టి పచ్చదనం మళ్లీ మళ్లీ వస్తుంది. మనం అడగాల్సింది ఒక్కటే: అది ఏ నాచు?

నాచంతా ఒకటి కాదు. ఆకుపచ్చ నాచులో వరి ఆకులో ఉన్నట్టే క్లోరోఫిల్-ఎ, క్లోరోఫిల్-బి రెండూ ఉంటాయి. మామూలుగా దానితో పశువుకు ప్రమాదం లేదు. నీలి ఆకుపచ్చ నాచులో సాధారణంగా 'బి' ఉండదు, ఫైకోసయనిన్ అనే నీలిరంగు ఉంటుంది. వరి మడికి నత్రజని అందించే మంచి రకాలు ఈ జాతిలోనే ఉన్నాయి. పశువు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిస్ కూడా ఈ జాతిదే. దాని విషం నీళ్లు కాచినా పోదు.

సముద్రపు నాచును శాస్త్రజ్ఞులు ఇలా రంగుల లెక్కతోనే వేరు చేస్తున్నారు. 1994లో ఫ్రాన్స్‌లోని థో ఉప్పునీటి సరస్సులో ఆస్ట్రియోకాకస్ అనే ఆకుపచ్చ నాచు దొరికింది. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత చిన్నదాని గుంపును కూడా ప్రాసినోజాంథిన్ అనే రంగు పట్టిస్తుంది.

అంత దూరం ఎందుకు? మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు క్లోరోఫిల్‌ను ఉపగ్రహాలతో చదివి, చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు చెబుతోంది. మంచి పని. ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది, తార్నాకలో ఐఐసీటీ ఉంది. ఇంత చదువు మన గడపలో ఉన్నా, మన బర్రె తాగే నీటి గురించి ఒక్క కాగితం మన చేతికి రాలేదు.

మన డిమాండ్లు మూడు. ఎండాకాలంలో నెలకోసారి చెరువు నీటిలో నాచు రంగులు పరీక్షించాలి. క్లోరోఫిల్ ఒక్కటే కొలిస్తే చాలదు. దాన్ని తీయడానికి వాడే ఎసిటోన్‌లో ఫైకోసయనిన్ కరగదు కాబట్టి నీలిరంగును విడిగా కొలవాలి. ఫలితాన్ని తెలుగులో వార్డు ఆఫీసు, రైతు వేదిక గోడల మీద అంటించాలి.

అప్పటిదాకా మన జాగ్రత్త మనది. గాజు సీసాలో చెరువు నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పచ్చదనం పైకి తేలి మీగడ కడితే నీలి ఆకుపచ్చ నాచని అనుమానించాలి, పశువులను ఆ నీటికి తోలకూడదు. తేలకపోయినా నీళ్లు మంచివని కాదు, పరీక్ష పరీక్షే. తేదీ, చెరువు పేరు రాసి ఆ వివరాలు వచ్చే నెల సంఘం సమావేశానికి తెండి. వాటితోనే అధికారుల దగ్గరికి వెళదాం.