పలుకుల తల్లి పుట్టిల్లు

బాసరలో పసివాడి చేత బలపం పట్టించి అక్షరాలు దిద్దించేటప్పుడు మన మనసులో మెదిలేవి వీణ, పుస్తకం, తెల్లచీర. నీళ్లు గుర్తురావు. సరస్వతి పేరు విప్పి చూస్తే మాత్రం మొదట తగిలేది నీళ్లే. గుణం కలది గుణవతి అయినట్టు, సరస్సులు కలది సరస్వతి. నిండు మడుగులతో పారిన ఏటికి పెట్టిన పేరది.

ఋగ్వేదం ఆమెను నదిగానూ, దేవతగానూ కొలిచింది. ఆరో మండలంలో ఒక సూక్తం, ఏడో మండలంలో రెండు ఆమెవే. బ్రాహ్మణ గ్రంథాల కాలానికి ఆమే వాక్కు అయింది. మథుర కంకాళీ దిబ్బలో దొరికిన రెండో శతాబ్దపు జైన శిల్పంలో ఆమె చేత తాళపత్ర గ్రంథం కనిపిస్తుంది. ఆ చదువుల తల్లి బొమ్మను చేయించి ఇచ్చింది ఒక కమ్మరి అని పీఠం మీది శాసనమే చెబుతోంది.

ఈ పేరుకు సరిహద్దుల అవతలా చుట్టాలున్నారు. మన ‘స’ పాత ఇరానీ భాషల్లో ‘హ’ అవుతుంది. మన సప్తాహానికీ, హైదరాబాదు హఫ్తాకూ చుట్టరికం అలా కలిసిందే. ఆ లెక్కనే సరస్వతి పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తాలో హరఖ్వైతి అయింది. ఇరాన్‌ను ఏలిన దరియస్ చక్రవర్తి బెహిస్తూన్ శాసనంలోనూ ఆ పేరు ఉంది. గ్రీకులు దాన్నే అరకోసియా అన్నారు. అది నేటి కాందహార్ సీమ.

ఈ మాట ఎత్తగానే, పేరు ఇటు నుంచి అటు వెళ్లిందా, అటు నుంచి ఇటు వచ్చిందా అని వాదం మొదలవుతుంది. పండితులు తేల్చుకోనీండి. ఇష్టమైన నది పేరును మనుషులు తమవెంట తీసుకుపోవడం మాత్రం మనకు కొత్త కాదు. గోదావరిని దక్షిణ గంగ అన్నాం. గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరంలో కంటికి కనిపించని సరస్వతి ఉందని నమ్మి, 2025 మేలో పుష్కరాలూ జరుపుకున్నాం.

పుట్టుక ఆరా తీస్తే భక్తి పలచబడుతుందేమోనన్న బెంగ అక్కర్లేదు. వేద ఋషి, మథుర కమ్మరి, ఇరాన్ చక్రవర్తి, గోదావరి యాత్రికుడు ఒకే పేరును తమ తమ యాసల్లో పలికారని తెలుసుకోవడమూ చదువే. చదువుల తల్లి గురించి చదువుకోవడం ఆమెకు అపచారం ఎలా అవుతుంది?