చెవికి క్లిప్పు పెట్టినా మాత్ర మానొద్దు
గుండె లయ తప్పితే చెవికి వైద్యమా? నవ్వులాట కాదు. గుండె వేగాన్ని అదుపుచేసే వేగస్ నరం కొమ్మ చెవి రంధ్రం ముందుండే బుడిపె దాకా వస్తుంది. అమెరికాలో ఓక్లహోమా వైద్యులు 53 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కొందరికి ఆ బుడిపెకు, మిగతావారికి ఉత్తుత్తిగా చెవి తమ్మెకు క్లిప్పు పెట్టి రోజూ గంటసేపు సన్నని కరెంటు ఇచ్చారు. ఆరు నెలలకు బుడిపెకు పెట్టినవారిలో లయ తప్పిన సమయం రెండోవారికంటే దాదాపు 85 శాతం తక్కువ.

కోత లేదు, కుట్టు లేదు. సంతోషమే. కానీ 53 మందిని చూసి ఊరందరికీ ఇదే వైద్యమనడం తొందరపాటు. ఈ జబ్బులో గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకెళితే పక్షవాతమే. క్లిప్పు దాన్ని ఆపుతుందని ఆ పరీక్ష తేల్చలేదు. డాక్టరు చెప్పకుండా రక్తం పలుచబరిచే మాత్ర మానేస్తే ప్రాణంతో చెలగాటమే.