ఎరుక గల దయ

ప్రాణిని పెంచడం వేరు, ప్రాణాన్ని కాపాడడం వేరు. పెంచడానికి ప్రేమ చాలు. కాపాడడానికి ప్రేమతోపాటు ఎరుక కావాలి. పెరటిలో పిల్లల వెంట తిరిగే పెంపుడు బాతు ఒకనాడు హఠాత్తుగా మెడ వాల్చి కూలబడినప్పుడు ఈ భేదం తెలిసివస్తుంది. అటువంటి వేళ మన ఇళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. "బాతుకు కూడా వైద్యమా?" అన్నది మొదటిది. "ఇంట్లో ఉన్న మందేదో వేసి చూద్దాం" అన్నది రెండవది. మొదటిది నిర్దయ. రెండవది దయే గాని, ఎరుక లేని దయ. పాపం, బాతుకు మాత్రం రెండింటివల్లా కలిగే ఫలితం తరచుగా ఒక్కటే.

మన పూర్వులు పశువైద్యాన్ని చిన్నచూపు చూడలేదు. అశ్వవైద్యానికి శాలిహోత్రుని, గజవైద్యానికి పాలకాప్యుని ఆచార్యులుగా గౌరవించారు. అయితే గుర్రమూ ఏనుగూ రాజుల సేనాంగాలు. వాటి ప్రాణానికి రాజ్యమే విలువ కట్టింది. బాతుకు ఏ సేనలోనూ చోటు లేదు. ఆ కొలమానం నేటికీ మనలో మిగిలి ఉంది. ఆవుకు జబ్బు చేస్తే పశువైద్యుని కోసం పరుగెత్తే ఇంట్లోనే, బాతుకు జబ్బు చేస్తే దాని వెల ఎంత అని లెక్కవేస్తారు. వెలను బట్టి వైద్యం చేయడం వ్యాపారంలో చెల్లవచ్చు. మనలను నమ్మి మన చేతి గింజలు తిన్న ప్రాణి విషయంలో అది న్యాయం కాదు.

వైద్యానికి ముందు దేహధర్మం తెలియాలి. మనిషి శరీరోష్ణత 37 డిగ్రీల సెల్సియస్ అయితే, బాతుకు సహజంగానే 41, 42 డిగ్రీలు ఉంటుంది. చేతికి వేడిగా తగిలిందని జ్వరం మందు వేయడం అవివేకం. మనకున్నట్లు ఊపిరికి తోడ్పడే విభాజక పటలం పక్షులకు లేదు. రొమ్ము ఎముక కదలితేనే వాటికి శ్వాస ఆడుతుంది. గింజుకొంటున్న బాతును రొమ్ము అదిమి పట్టుకొంటే ఊపిరాడక చనిపోవచ్చు. శ్వాసనాళ ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. సొమ్మసిల్లిన బాతు ముక్కు తెరిచి నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. దాహం తీర్చబోయి ప్రాణం తీసినట్లవుతుంది. మరొక సంగతి. పక్షులు జబ్బును వీలైనంత కాలం దాచుకొంటాయి. నీరసించిన పక్షినే శత్రువు ముందుగా పట్టుకొంటుంది గదా! కనుక గుంపును విడిచి ముడుచుకొని కూర్చొన్న బాతుకు జబ్బు ఆనాడే మొదలైందని అనుకోరాదు. ఆలస్యం అమృతం విషం అన్న నానుడి ఇక్కడ అక్షరాలా నిజం.

అట్లని ఇంటివారు చేయదగినది లేకపోలేదు. జబ్బుపడిన బాతును వేరుచేసి, అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి, సందడి లేని చోట ఉంచాలి. వణుకుతుంటే వెచ్చదనం కల్పించాలి. ఎండదెబ్బ తగిలితే నీడకు చేర్చి, కాళ్ళను చల్లని నీటితో తడపాలి. మంచునీళ్ళు పనికిరావు. కుక్క కరిచి నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు ఎత్తకుండా అదిమి పట్టాలి. నెత్తురు ఆగిన తరువాత, అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచాడు ఉప్పు కలిపి గాయాన్ని మెల్లగా కడగాలి. గాయం చిన్నదిగా కనిపించినా కోర లోతుగా దిగి ఉండవచ్చు కనుక వైద్యునికి చూపవలసిందే.

వేసవిలో గుంటలు ఇంకి, చచ్చిన చేపలూ కుళ్ళిన ఆకులూ మిగిలిన చోట బొట్యులిజం అనే విషవ్యాధి పుడుతుంది. కాళ్ళు, రెక్కలు, చివరకు మెడ చచ్చుబడతాయి. తల నిలపలేని బాతు నీటిలోనే మునిగి చనిపోతుంది. "బాతుకు నీళ్ళే ప్రాణం" అంటూ దానిని మళ్ళీ గుంటలో వదలడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. దానిని ఒడ్డున నీడలో ఉంచి, మెడకు ఆసరా కల్పించాలి. మేతనూ పరిశీలించాలి. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి కలిసిన మేత తిని లక్షకు పైగా టర్కీకోళ్ళు చనిపోయాయి. బాతుపిల్లలూ బలి అయ్యాయి. అఫ్లటాక్సిన్ అనే విషం సంగతి లోకానికి తెలిసింది ఆ విషాదం వల్లనే.

ప్రథమ చికిత్సకు ఒక హద్దు ఉంది. మందు దగ్గర ఆ హద్దు మొదలవుతుంది. డైక్లోఫెనాక్ మనుషుల నొప్పులకు వాడే మందు. దానిని ఇచ్చిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు చెడి, రాబందులు లక్షల సంఖ్యలో నశించాయి. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దాని వాడకాన్ని నిషేధించింది. ఒక జాతికి మందైనది మరొక జాతికి విషం కాగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

"వైద్యుడు దూరాన ఉంటే ఏం చేయాలి?" అని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కోతలైన వరిచేలలో బాతుల మందలను మేపుకొంటూ ఊరూరా తిరిగేవారికి ఆ కష్టం బాగా తెలుసు. కాని దూరం ఉన్నంత మాత్రాన ఊహ వైద్యం కాజాలదు. సంచార పశువైద్య సేవల కోసం 1962 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. లక్షణాలు చెప్పి, వైద్యుని సలహా పొందడానికి దూరం అడ్డు కాదు.

ఇంకొక హద్దు కూడా ఉంది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకింది. బాతులు పైకి ఏ లక్షణమూ కనబడకుండానే ఆ వైరస్‌ను మోయగలవు. పక్షులు ఒక్కసారిగా చనిపోతుంటే వాటిని వట్టి చేతులతో తాకరాదు, కాలువలో పారవేయరాదు. పిల్లలను దూరంగా ఉంచి వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. అక్కడ మన ఇంటి బాతు మీది మమకారం కంటె ఊరి క్షేమం గొప్పది.

విద్యార్థులారా! మీ ఇంట పెంపుడు ప్రాణి ఏదైనా ఉంటే దగ్గరి పశువైద్యశాల ఎక్కడ ఉన్నదో ఈనాడే తెలుసుకొనండి. ఆపద వచ్చాక వెదకడానికి వ్యవధి ఉండదు. నోరులేని ప్రాణి తన బాధను చెప్పుకోలేదు. దానిని గమనించడం, తెలిసినంత చేయడం, తెలియని చోట చేయి ఆపి తెలిసినవారిని పిలవడం మన విధి.