స్పానియల్‌కు గుండు వద్దు, దువ్వెన చాలు

ఏప్రిల్ వచ్చిందంటే మా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో బొచ్చుకుక్కలకు గుండు తప్పదు. ఇంటి ముందుకు వ్యాను వస్తుంది, మెషిన్ రొద వినిపిస్తుంది. కాసేపటికి షిట్జూ అయినా, పమేరియన్ అయినా, కాకర్ స్పానియల్ అయినా లేత గులాబీ రంగు చర్మంతో కిందికి దిగుతుంది. ‘పాపం, ఈ ఎండలకి ఇక హాయిగా ఉంటుంది’ అంటారు పెంచుకునేవాళ్ళు. వాళ్ళ జాలిని నేను శంకించను. ఇక్కడి ఉక్కపోత ఎలాంటిదో ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలుసు. అయినా ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచరుగా, ఇంట్లో కాకర్ స్పానియల్‌ను పెంచుతున్న మనిషిగా ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. చర్మం కనిపించేలా గొరిగించడం వల్ల స్పానియల్‌కు చల్లదనం రాదు. దానికి కావలసింది రోజూ ఇంటి మనిషి చేతిలో పది నిమిషాల దువ్వెన.

మా కుక్క పేరు బెల్లం. పక్కనే ఉన్న అనకాపల్లి బెల్లం రంగే దాని ఒళ్ళంతా, అందుకే మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. దాన్ని తీసుకుని సాయంత్రం బయటికి వస్తే కింది వాటాలో ఉండే కుర్రాడు అడుగుతుంటాడు: “టీచరమ్మా, దీనికి ఉక్కెట్టదా? గుండు కొట్టించెయ్యొచ్చు కదండీ!” వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. మనకు ఒళ్ళంతా చెమట పట్టి, అది ఆరి, చల్లబడతాం. కుక్కకు అలా పట్టదు. దాని చెమట గ్రంథులు ముఖ్యంగా అరికాళ్ళ మెత్తల్లోనే ఉంటాయి. ఒంటి వేడిని అది నాలుక చాపి రొప్పడంతోనే ఎక్కువగా పోగొట్టుకుంటుంది. కాబట్టి వీపు మీది బొచ్చు తీసేసినంత మాత్రాన మనకు చొక్కా విప్పినట్టు దానికి ఉండదు. పైగా ఆ బొచ్చు ఎండను నేరుగా చర్మం దాకా రానివ్వదు, దోమను కుట్టనివ్వదు.

అయితే జడలు కట్టిన బొచ్చు సంగతి వేరు. స్పానియల్‌కు రాలిన వెంట్రుకలు అన్నీ నేల మీద పడవు, సగం బొచ్చులోనే చిక్కుకుంటాయి. దువ్వకపోతే అవి ఉండలు కట్టి చర్మానికి అంటుకుపోతాయి. వాటి కింద గాలి ఆడదు, తడి ఆరదు. చర్మం ఎర్రబడి వాసన మొదలవుతుంది. అడుగు వేసినప్పుడల్లా చంకలోని ఉండ చర్మాన్ని లాగుతూ ఉంటుంది. వేసవిలో కుక్క నిజంగా బాధపడేది ఈ ఉండల వల్ల. దువ్వి చిక్కు తీసిన బొచ్చులో గాలి తిరుగుతుంది.

ఆ బొచ్చు దానికి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. కాకర్ స్పానియల్ ఇంగ్లండులో వుడ్‌కాక్ అనే పిట్టను పొదల్లోంచి లేపే వేటకుక్క. ఆ పిట్ట పేరు మీదే కాకర్ అయింది. ముళ్ళ నుంచి, తడి నుంచి కాపాడేందుకు దానికి ఓ మోస్తరు బొచ్చు ఉండేది. ఇప్పటికీ అక్కడ వేటకు వాడే కాకర్లకు బొచ్చు పలచనే. 1890లలో కెన్నెల్ క్లబ్ దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించాక పోటీలు, బహుమతుల దారి వేరైంది. అమెరికాలో బొచ్చు మరీ ఒత్తుగా, నేలను తాకేంత పొడుగ్గా పెంచారు. ఎంతగానంటే, 1946లో అక్కడి కెన్నెల్ క్లబ్ ఇంగ్లిష్ కాకర్‌ను వేరే జాతిగా నమోదు చేయాల్సి వచ్చింది. అంటే ఇంత బొచ్చు మనిషి ముచ్చటపడి పెంచినది. కుక్క తన నాలుకతో, పళ్ళతో దాన్ని చూసుకోలేదు. పెంచిన మనిషే చూసుకోవాలి. గ్రూమింగ్ అంటే డబ్బున్నవాళ్ళ షోకు అనే మాటను అందుకే నేను ఒప్పుకోను. తిండి, టీకా ఎంత అవసరమో దువ్వెనా అంతే.

నేను సాయంత్రం దీపం పెట్టాక వరండాలో బల్ల మీద గోనెపట్టా పరిచి బెల్లాన్ని ఎక్కిస్తాను. గోనెపట్టా ఎందుకంటే కాళ్ళు జారితే కుక్క బెదురుతుంది, బెదిరిన కుక్క మరుసటి రోజు బల్ల ఎక్కదు. కావలసిన సామాను కొంచెమే: సన్నటి తీగలు వంచిన స్లికర్ బ్రష్ ఒకటి, ఒక పక్క వెడల్పు పళ్ళు, మరో పక్క దగ్గర పళ్ళు ఉన్న స్టీలు దువ్వెన ఒకటి, మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర ఒకటి. చాలామంది బ్రష్‌తో పైపైన రుద్ది, నున్నగా మెరిసింది కదా అని వదిలేస్తారు. అడుగున ఉండలు అలాగే ఉంటాయి. ఎడమ చేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టుకుని, చర్మం దగ్గర పాయ కనిపించేలా చేసి, ఆ పాయ నుంచి కొద్దికొద్దిగా కిందికి విడుస్తూ దువ్వాలి. స్టీలు దువ్వెన మొదలు నుంచి కొస దాకా ఎక్కడా చిక్కుకోకుండా దిగితేనే ఆ చోటు అయినట్టు.

చిక్కు పడే చోట్లు ఎప్పుడూ అవే: చెవుల వెనక, మెడపట్టీ కింద, చంకల్లో, తొడల మధ్య, వెనక కాళ్ళ కుచ్చులో. చిక్కు దొరికితే లాగకూడదు. చర్మం దగ్గర రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుంటే లాగుడు చర్మానికి తెలియదు. కాస్త మొక్కజొన్న పిండి చల్లి, వేళ్ళతో విడదీసి, కొసల నుంచి మొదలుపెట్టాలి. అమ్మలు ఆడపిల్లల జడ చిక్కు తీసేదీ అలాగే. విడిపోని ఉండను కోయాల్సి వస్తే ముందు చర్మానికీ ఉండకూ మధ్య దువ్వెన దూర్చి, దువ్వెన పైనుంచి కత్తెర ఆడించాలి. కుక్క చర్మం పలచన. ఉండతో పాటు పైకి లేచి వస్తుంది, తెలియకుండా తెగుతుంది.

ఇక చెవులు. స్పానియల్ గురించి ఒక్క సంగతే చెప్పే వీలుంటే నేను చెవుల గురించే చెబుతాను. దాని చెవి గొట్టం ముందు కిందికి దిగి, తర్వాత అడ్డంగా లోపలికి తిరుగుతుంది. దాని మీద బరువైన చెవి తలుపు మూసినట్టు వేలాడుతుంది, లోపలి వైపు కూడా బొచ్చు ఉంటుంది. ఈ జాతికి చెవిలో గులిమి ఊరే గ్రంథులూ ఎక్కువే. సముద్రపు తేమ గాలిలో, అక్టోబరు తుపాను వానల్లో ఆ చీకటి గొట్టంలో మలసీజియా అనే ఈస్టు జాతి సూక్ష్మజీవి పెరగడానికి ఇంకేం కావాలి? పుల్లటి వాసన, ముదురు గోధుమ రంగు గులిమి, తల విదిలించడం, చెవిని నేలకు రాయడం కనబడ్డాయంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఏళ్ళ తరబడి పట్టించుకోని చెవిలో గొట్టం గోడలు మందమై మూసుకుపోతాయి, చివరికి ఆపరేషన్ తప్ప దారి ఉండదు.

అందుకే చెవి లోపలి వైపు, గొట్టం నోటి చుట్టూ ఉన్న బొచ్చును పొట్టిగా కత్తిరించి ఉంచాలి. గాలి ఆడుతుంది. దూదిపుల్లలు లోపల పెట్టకూడదు, అవి గులిమిని ఇంకా లోపలికి నెడతాయి. డాక్టరు ఇచ్చిన చెవి ద్రావణం పోసి, చెవి మొదలు దగ్గర మెల్లగా నలిపి, బయటికి వచ్చినదాన్ని దూదితో తుడవాలి. మన ఇళ్ళలో ఇంకో సంగతి ఉంది. కుక్కకు పెరుగన్నం కలిపి వెడల్పాటి పళ్ళెంలో పెడతాం. చెవులు రెండూ అందులో మునుగుతాయి. పెరుగు ఎండి వెంట్రుకలు అట్టకడతాయి, చీమలు పడతాయి. మూతి మాత్రమే పట్టే ఇరుకైన లోతు గిన్నెలో పెడితే చెవులు బయటే ఉంటాయి.

మా కాలనీలో ఇంకా కట్టని ఖాళీ స్థలాలు ఉన్నాయి. వానలు వెనకబట్టాక వాటి నిండా ఉత్తరేణి కంకులు. స్పానియల్ అందులోంచి ఒక్కసారి పరుగెత్తిందంటే కాళ్ళ కుచ్చులకు, పొట్ట కింద, చెవులకు ఆ గింజలే. అక్కడికక్కడే తీయకపోతే తెల్లారేసరికి ప్రతి గింజ చుట్టూ ఒక చిక్కు. వేళ్ళ సందుల్లో పల్లేరు కాయలు దిగుతాయి. పాదాల అడుగున మెత్తల మధ్య బొచ్చును కత్తిరించి ఉంచడం వీటి కోసమే. ఆర్కే బీచ్‌కు తీసుకెళ్ళేవాళ్ళు ఇంటికి రాగానే మంచినీళ్ళతో ఉప్పూ ఇసుకా కడిగేయాలి.

గోమార్ల సంగతి మరీ ముఖ్యం. పొడుగు బొచ్చులో అవి కంటికి కనిపించవు, వేలికి తగులుతాయి. చెవి మడతల్లో, వేళ్ళ మధ్య, మెడపట్టీ కింద వెతకాలి. వాటి వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు మన ఊళ్ళలో మామూలే. కుక్క తిండి మానేసి, మందకొడిగా పడుకుని, చిగుళ్ళు పాలిపోయే సరికి వ్యాధి ముదిరి ఉంటుంది. రోజూ దువ్వే చేతికి గోమారి తగులుతుంది, కొత్తగా లేచిన గడ్డ తగులుతుంది, బొచ్చు పలచబడిన చోటు తెలుస్తుంది. నెలకోసారి వచ్చే వ్యాను కుర్రాడికి నిన్న ఆ చోట ఏముందో ఎలా తెలుస్తుంది?

స్నానం గురించి క్లుప్తంగా. చిక్కులు తీయకుండా నీళ్ళు పోయకూడదు. తడిసి ఆరిన ఉండ ఇంకా బిగుసుకుంటుంది. మన షాంపూ మన చర్మానికి తగ్గట్టు కాస్త ఆమ్లంగా తయారుచేసింది. కుక్క చర్మం దాదాపు తటస్థం, దానికి దాని షాంపూనే వాడాలి. కుంకుడు రసం కళ్ళలో పడితే మంట ఎలా ఉంటుందో తలంటు పోయించుకున్న ప్రతి బిడ్డకూ తెలుసు, కుక్కకు పెట్టొద్దు. గాయాలు కడిగే యాంటిసెప్టిక్ ద్రవాన్ని నీళ్ళలో కలిపి స్నానం చేయించే అలవాటు మానాలి. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, ఆ మందు లోపలికి పోతే ప్రమాదం. అన్నిటికన్నా ముఖ్యం, మొదళ్ళ దాకా ఆరబెట్టాలి.

కత్తెరే వద్దని నేను అనడం లేదు. పొట్ట కింద బొచ్చును పొట్టిగా కత్తిరిస్తే చల్లటి గచ్చు ఒంటికి తగులుతుంది, వేసవిలో అది నిజమైన మేలు. ముసలి కుక్కకు, జబ్బు కుక్కకు ఒళ్ళంతా అంగుళం మేర ఉంచి తగ్గించినా తప్పులేదు. ఉండలన్నీ ఒకటై చర్మాన్ని కప్పేసినప్పుడు డాక్టరే గొరిగించమంటాడు. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ స్పానియల్ ఫ్లష్‌కు కూడా ఇటలీలో ఒంటి నిండా దూకే పేలు పడితే బొచ్చంతా కత్తిరించేశారు. వర్జీనియా వుల్ఫ్ 1933లో ఆ కుక్క జీవితాన్ని పుస్తకంగా రాస్తూ ఆ ఘట్టాన్నీ రాసింది. మందులు లేని కాలంలో అది గత్యంతరం లేని పని. ఇప్పుడు పేలకూ గోమార్లకూ మాత్రలున్నాయి, చుక్కల మందులున్నాయి. ఏటా ఆనవాయితీగా గుండు ఎందుకు? గొరిగిన స్పానియల్‌కు, ముఖ్యంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినదానికి, పట్టులాంటి బొచ్చు పోయి ఉన్నిలా రేగిన బొచ్చు రావడం కద్దు. అది మరింత చిక్కు పడుతుంది, మళ్ళీ గుండు అంటారు.

గ్రూమింగ్ చేసేవాళ్ళలో ఎంతో ఓర్పు ఉన్నవాళ్ళను చూశాను. వాళ్ళ పనిని గౌరవిస్తాను. కానీ కుక్కను బోనులో పెట్టి వేడిగాలి వదిలి వెళ్ళిపోయే చోట్లు ఉన్నాయి. వేడిని ముఖ్యంగా రొప్పుతోనే పోగొట్టుకునే జంతువుకు అది ప్రాణాంతకం. మా వీధిలో ఒక స్పానియల్ పొట్ట నిండా మెషిన్ గాట్లతో ఇంటికొచ్చింది. పక్కన నిలబడి చూడనివ్వని చోట కుక్కను వదలకండి.

అమ్మేవాళ్ళకూ బాధ్యత ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదన్నాయి. మంచిదే. దాంతోపాటు పొడుగు బొచ్చు జాతి పిల్లను అమ్మేవాళ్ళు తల్లి కుక్కను బల్ల మీద నిలబెట్టి, కొనేవాళ్ళ చేత ఒకసారి దువ్వించాలని నేను కోరుతున్నాను. ఆ పని చూసి వెనక్కి తగ్గేవాళ్ళు తగ్గనీ. భార్యాభర్తలిద్దరూ చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే ఇంట్లో, దువ్వే బాధ్యతను పనమ్మాయి మీద వదిలే ఇంట్లో స్పానియల్ సుఖపడదు. అలాంటి ఇంటికి మన వీధుల్లో పుట్టిన పొట్టి బొచ్చు పిల్ల చక్కగా సరిపోతుంది. నాలుగు రోజులకోసారి తడిగుడ్డతో తుడిస్తే దాని ఒళ్ళు శుభ్రంగా ఉంటుంది.

ఇప్పటికే ఇంట్లో చిక్కులు పడిన స్పానియల్ ఉన్నవాళ్ళు ఒక్క రోజులో అన్నీ తీయాలని పూనుకోవద్దు. ఈ రాత్రికి కుడి చెవి వెనక ఒక్క ఉండ చాలు. నొప్పి తెలియకుండా తీసి, నోటికి ఒక బిస్కెట్టు ముక్క అందించి, బల్ల మీంచి దించేయండి. రేపు ఎడమ చెవి.