ఒక్క గడి యెత్తు

మొన్నటి యాదివారమున మా యింట నొక చిన్న కలహము పుట్టినది. మా యత్తగారును మా చిన్నవాడును చదరంగమాడుచుండిరి. వాడు బడిపందెములలో బహుమానము పొందినవాడు. తొలి యెత్తుననే బంటును రెండు గళ్లు నడపును. అత్తగారు పుట్టినింట నేర్చినది దేశవాళీ యాట. అందు బంటున కొక్క గడియే నడక. “నాయనమ్మది పిఱికి యాట!” అని వాడు నవ్వెను. ఆమె పావులను సంచిలో పోసి, “ఇక నాకెందుకురా యీ బల్ల? ఎవరికైన నిచ్చివేయుడు” అని లేచిపోయినది. ఏబదియేండ్ల ముచ్చట ఒక్క మాటతో ముగియుట నాకు సహింపరానిదయ్యెను.

ఆ రాత్రి వారికి చెప్పిన కథయే మీకును చెప్పుచున్నాను.

1848 ప్రాంతమున కలకత్తాలో జాన్ కాక్రేన్ అను న్యాయవాది యుండెను. చదరంగమున గొప్ప సాహసి. పల్లెపట్టున మహేశచంద్ర బెనర్జీ యను బ్రాహ్మణుడు ఓటమి యెఱుగడని విని, అతనితో నాడసాగెను. ఒక యాటలో కాక్రేన్ నాలుగవ యెత్తుననే గుఱ్ఱమును బలియిచ్చి, రాజు ప్రక్క బంటును కొట్టెను. రాజు దానిని చంపక తప్పదు. చంపెనా, ఇక కోట కట్టుకొను హక్కు పోవును! ఆ యెత్తునకు నేటికిని కాక్రేన్ పేరే.

మహేశచంద్రుని తీరు వేఱు. గుఱ్ఱము ముందరి బంటును ఒక్క గడి జరిపి, ఆ ఖాళీలో శకటును నిలుపును. నడుమ గళ్లను ఎదిరి యాక్రమించుకొన్నను తొందరపడడు. శకటు మాత్రము మూలనుండి మూలకు చూచుచునే యుండును. గెలుపులు కాక్రేనువే యధికము, దాచనేల? కాని 1855లో మహేశచంద్రుడు పన్నిన యొక వ్యూహమునే 1922లో వియన్నా వాడగు గ్రున్‌ఫెల్డ్ ప్రసిద్ధము గావించెను. ఇట్టి యారంభములను లోకమంతయు “ఇండియన్” అనియే పిలుచుచున్నది.

కథ ముగియకమునుపే చిన్నవాడు సంచి తెచ్చి నాయనమ్మ ముందర పెట్టెను. ఆమె కొంత బెట్టు చేసి, పిదప బంటును ఒక్క గడి జరిపినది. వాని బంట్లు నడుమకు దుమికినవి. పదునైదెత్తులైనదో లేదో, అత్తగారి శకటు బల్లకు అడ్డముగా పోయి ఆ మూలనున్న యేనుగును పట్టినది!

ఆట గెలిచినది పిల్లవాడే. ఆ యేనుగును మాత్రము అత్తగారు పడుకొనువరకు సంచిలో వేయనీయలేదు.