లోపం చెప్పే అభిమానం
రాజద్రోహ నేరాన్ని రద్దు చేశామని చెప్పిన కేంద్ర ప్రభుత్వమే, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 152వ సెక్షన్‌లో దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను ప్రమాదంలో పడవేసే చేష్టలకు యావజ్జీవ కారాగారం వరకు శిక్ష నిర్దేశించగా, దాని రాజ్యాంగబద్ధత సుప్రీంకోర్టులో సవాలుకు గురైంది. సాయుధ తిరుగుబాటును అణచే అధికారం రాజ్యానికి ఉండవలసిందే. చిక్కంతా ఆ సెక్షన్‌లోని పదాల విస్తృతిలో, వాటికి తొలి అర్థం చెప్పేది న్యాయమూర్తి కాక ఠాణా అధికారి కావడంలో ఉంది. ప్రభుత్వ చర్యలపై అసమ్మతిని గురించిన వివరణ ఒకటి సెక్షన్‌లోనే ఉన్నా, అది అక్కరకు వచ్చేది విచారణలో. ఆలోగా అరెస్టే శిక్షగా మారి, దేశంపై మమకారంతోనే దాని లోపాన్ని ఎత్తిచూపే పౌరుడి నోరు మూయిస్తుంది. ఉదాహరణకు, పాకీపని, అనగా మనుషుల మలాన్ని మనుషుల చేతనే ఎత్తించే దురాచారం, తమ వద్ద లేనే లేదని పలు రాష్ట్రాలు బుకాయించిన రోజుల్లో బెజవాడ విల్సన్, ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ వంటివారు నిలబెట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్ ఆధారాలతో న్యాయస్థానానికి ఎక్కింది. దేశం పరువు తీస్తున్నారని అప్పుడెవరైనా కేసు పెట్టి ఉంటే, 2013 నాటి నిషేధ చట్టానికి, 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పుకు దారి ఎక్కడిది? హింసకు పురికొల్పని విమర్శ రాజద్రోహం కాదని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం గీసిన గీతను పార్లమెంటు 152వ సెక్షన్ పాఠంలోనే చేర్చాలి. అంతవరకు ఉన్నతాధికారి లిఖితపూర్వక అనుమతి లేనిదే ఈ సెక్షన్ కింద ఎవరినీ అరెస్టు చేయరాదని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ పోలీసులను ఆదేశించాలి.