పాసైతే చాలునా?

మొన్న నూలు తీసికొని పోవుటకు వచ్చిన మన సభ్యులొకరు, తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుని వెంటబెట్టుకొని వచ్చిరి. "ఏమి నాయనా, ఈ యేడు ఏ పాఠములో ఎన్ని మార్కులు తెచ్చుకోవలెనని యున్నావు?" అని మేమడిగితిమి. అబ్బాయి తండ్రి ముఖము చూచెను. "పాసైతే చాలునండీ సెక్రటరీగారూ, మాకంతకన్న ఆశ లేదు" అని తండ్రిగారే జవాబు చెప్పిరి. మన వాషర్‌మెన్‌పేటలో ఏ నేత ఇంటికి పోయినను వినబడు మాటయే ఇది. వినయముగా తోచును గాని, దాని వలన కలుగు నష్టము మేము అనుభవించి యెరుగుదుము.

మా చదువు నాడు మాకును పాసగుటయే గురి. పగలు బడి, రాత్రి కండెలు. లెక్కలలో ఎట్లో గట్టెక్కితిమి. సేలంలో చేనేత సాంకేతిక సంస్థ యున్నదనియు, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషులతో పదవ తరగతి ప్యాసైనవారికి అచ్చట మూడేండ్ల డిప్లొమా గలదనియు మాకు తెలియుసరికి సంసారము మెడకు పడినది. ఆ సంస్థ 1960లో పుట్టినది. నేత పనివాని కొడుకునకు దానిని గూర్చి చెప్పిన వారొక్కరును లేకపోయిరి.

పడుగు పోయుటకు ముందు ఎన్ని గజములు, ఎన్నవ నంబరు నూలు, ఏ పన్నె అని అడుగకుండ మనమెవ్వరమును మగ్గమెక్కము. బిడ్డ చదువు దగ్గర మాత్రము ఏ కొలతయు లేకుండ ఆడించుచున్నాము.

కొలత యెందుకనగా, కొన్ని తలుపులు ముందుగనే మూసికొనిపోవును. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు జాతీయ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదవ తరగతిలోనే వ్రాయవలెను. నెగ్గినవారికి తొమ్మిది మొదలు పన్నెండు వరకు ఏటా 12,000 రూపాయలు వచ్చును. తొమ్మిదిలో మేలుకొన్నవానికి అది లేదు. తమిళనాడులో ప్రభుత్వ బడి పిల్లలకు వైద్య విద్యలో 2020లోను, ఇంజనీరింగు మొదలగు చదువులలో 2021లోను నూటికి 7.5 సీట్లు కేటాయించిరి. ఆరు మొదలు పన్నెండు వరకు ప్రభుత్వ బడిలోనే చదివియుండవలెననునది అందు నియమము. గొప్పకొరకు అప్పుచేసి నడుమ ప్రైవేటు బడికి మార్చిన మిత్రులు మనలో ఎందరో గలరు. అప్పు మిగిలినది, సీటు పోయినది.

ఇక గురి యెట్లుండవలెను? "వందకు తొంబది" అని గోడమీద వ్రాసి ప్రయోజనము లేదు. లెక్కలలో 38 వచ్చినవాడు త్రైమాసిక పరీక్షకు 48, అర్ధసంవత్సరమునకు 58 అని పెట్టుకొనిన అందుకొనగలడు. ఏ అధ్యాయము రాదో, దానిని ఎవరి నడిగి, ఏ వారములో నేర్చుకొనునో ఒక నోటుపుస్తకములో తానే వ్రాసికొనవలెను. తండ్రి వ్రాసి యిచ్చిన గురి తండ్రిదే. డాక్టరు కావలెనని మన మనుట సులభము. పదకొండవ తరగతిలో ఏ గ్రూపో నిర్ణయించుకొనవలసినవాడు కూర్చుండి చదువువాడు. తమిళమును కూడ గురిలో చేర్చవలెను. 2006 చట్టము దానిని తప్పనిసరి చేసినది. తెలుగు ఇంట మాటలాడు పిల్లలకు మార్కులు జారునది తరచు అచ్చటనే. తెలుగు అక్షరములా, వాటిని నేర్పవలసిన పూచీ మన ఇండ్లదే.

అందరును చదివిన మగ్గమెవరు నేయుదురని పెద్దలు కొందరు మమ్మడుగుచున్నారు. నేత వంశమున పుట్టిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు 1876లో బి. ఏ. ప్యాసైరి; నేత పరిశ్రమను విడువలేదు. వారు నగర పాలక సంస్థకు అధ్యక్షులుగా నున్నపుడే, 1920లో, థౌజండ్ లైట్స్ కార్పొరేషను బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనము మొదలైనది. ఆకలితో నున్న పిల్లవాడు చదువలేడని వారు గ్రహించిరి. రాత్రి పదింటిదాక కండెలు చుట్టు పిల్లయు చదువలేదని మనము గ్రహించవలదా? ఆడపిల్లల విషయమే మాకెక్కువ బాధ. కొడుకు పరీక్షకు మగ్గమాపుదురు, కూతురి పరీక్షకు రాట్నమైన ఆపరు.

ఆ రెండు గంటల పని పోయిన మజూరీ తగ్గునని మాకు తెలియును. సంఘము దానిని పూడ్చలేదు, పూడ్చునని కల్లలు చెప్పము. కాని వచ్చే మజూరీ పంపిణీ నాడు పాసుపుస్తకముతో పాటు పిల్లల మార్కుల కార్డులును తెండు; పిల్లలను కూడ తెండు. లెక్కలు తెలిసిన యువకులిద్దరు ఆదివారములు ఆఫీసులో కూర్చుండుటకు ఒప్పుకొనిరి. మా ఇంట రాత్రి ఏడు దాటిన తరువాత మా అమ్మాయికి కండెల పని లేదని ఈ నెల నుండి ఏర్పాటు చేసితిమి. మా తల్లిగారు ఇంకను ఒప్పుకొనలేదు.